మూడో జవాబు

పోయిన మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా కాలేజీలో కరెంటు వచ్చింది. టెక్కలిలో కరెంటు పోవడం, రావడం వార్త కాదు. స్టాఫ్ రూంలో ఫ్యాన్లు తిరిగాయి, ఎవరో సెల్‌ఫోను ఛార్జింగుకి పెట్టుకున్నారు. కాసేపటికి లెక్కల డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటర్ ల్యాబ్ గుమ్మంలోంచి నన్ను పిలిచింది. నేను తెలుగు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ గురించి నన్నెవరూ పిలవరు. ఆ సమయానికి వరండాలో వేరే ఎవరూ లేరు, అంతే.

"సార్, ఇది పాడైనట్టుంది. నేను అడిగిందే మళ్ళీ నాకు చూపిస్తోంది."

వెళ్ళి చూశాను. ఎక్స్ ఐదు కంటే పెద్దదా అని ఆ అమ్మాయి టైపు చేసింది. కింద అవును అనో కాదు అనో రావాలి. దానికి బదులు ఆ అమ్మాయి రాసిన వరుసే, ఒక్క గుర్తు తేడా లేకుండా, తిరిగి వచ్చింది.

"ఎక్స్ ఎంతో దానికి చెప్పావా అమ్మా?"

"లేదు సార్."

"అయితే పాడవలేదు. ఎంతో తెలిసేదాకా అది ప్రశ్నని ప్రశ్నగానే ఉంచుతుంది."

తెలుగు మాస్టారికి ఇదెలా తెలుసు అన్నట్టు చూసింది. ఆ మాట నాది కాదు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడది. ఆవిడ పోయి నాలుగు నెలలైంది.

పేరు రాయను. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఎక్కడ పుట్టారో, ఏం చదివారో కూడా రాయబోవడం లేదు. అవి సంతాపసభలో చెప్పారు, చెప్పినవాళ్ళు రెండు మూడు తప్పులు కూడా చెప్పారు. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం మనిషి అనీ, మా కాలేజీలో లెక్కలు చెప్పేవారనీ తెలిస్తే చాలు. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి నడిచేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఎడమ అరచేతిని వెల్లకిలా బల్ల మీద పెట్టి, కాసేపు దానివైపే చూసి, అప్పుడు జవాబు చెప్పేవారు. కొత్తవాళ్ళు వినిపించలేదేమో అనుకొని మళ్ళీ అడిగేవారు. మళ్ళీ అంతసేపూ ఆగాల్సి వచ్చేది.

క్యాంటీన్ అతను టీ గ్లాసు పెడుతూనే, "టీ ఎలగుందమ్మా?" అనేవాడు. అది అతని అలవాటు.

"ఇంకా తాగలేదు కదయ్యా."

"రోజూ తాగుతున్నదే కదా!"

"నిన్నటిది బాగుంది."

స్టాఫ్ రూంలో దీని మీద వేళాకోళాలు నడిచేవి. ఈ నాయకుడు గొప్పా, ఆ నాయకుడు గొప్పా అని వాదన ముదిరినప్పుడు ఎవరో ఒకరు కావాలనే ఆవిడని లాగేవారు. ఆవిడ పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా, "దేన్లో?" అనేవారు. అక్కడితో సగం మంది నవ్వేవారు, సగం మందికి కోపం వచ్చేది. ఒకసారి కామర్స్ ఆయన ఊరుకోలేక, "అది కాదు మేడం, మీ ఆయన మంచివాడేనా? దీనికైనా సూటిగా చెప్పండి" అన్నారు. ఆవిడ అరచెయ్యి బల్ల మీద పెట్టారు. అందరూ ఎదురుచూశారు. "వంటలో కాదు" అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళాయన స్కూటరు మీద ఆవిడని తీసుకెళ్ళడానికి వస్తే కామర్స్ ఆయన గేటు దాకా వెళ్ళి ఈ మాట చేరవేశారు. వాళ్ళాయన ఒప్పుకున్నారు.

నేను ఆవిడ పాఠాలు వినడానికి కారణం ల్యాబ్‌లో ఏసీ ఉండటం. మధ్యాహ్నాలు వెనక బెంచీలో కూర్చొని పేపర్లు దిద్దుకునేవాణ్ణి. లెక్కల కోసమే తయారైన ఒక కంప్యూటర్ భాషని ఆవిడ చివరి ఏడాది పిల్లలకి నేర్పేవారు. మొదట్లో నాకు గొంతు మాత్రమే వినిపించేది. తర్వాత్తర్వాత దిద్దడం ఆపి వినడం మొదలుపెట్టాను.

ఒకరోజు పలాస నుంచి జీడిపప్పు పొట్లం తెచ్చారు. రెండు పలుకులు బల్ల మీద పెట్టి, "ఇవి సమానమేనా?" అని అడిగారు.

పలాస అమ్మాయి ఒకతి వాటిని వేళ్ళతో తిప్పి చూసింది. "ఒకే సైజు మేడం. మా నాన్నయితే ఒకే డబ్బాలో ఏసేత్తాడు."

"అయితే సమానం. ఒకటేనా?"

"కాదు మేడం. రెండు గదా."

"ఎలా తెలిసింది?"

వెనక నుంచి ఒక కుర్రాడు, "ఒకటి నేను తినేస్తే ఇంకోటి ఉంటాది మేడం" అన్నాడు.

"వచ్చి తిను."

తిన్నాడు. రెండోది బల్ల మీద ఉంది. ఆవిడ బోర్డు మీద రాశారు. సమానం గుర్తు ఒక్కటి పెడితే అది అడగడం కాదు, చెప్పడం. ఎక్స్ ఇంత అని మనం చెబుతున్నాం, యంత్రం పుచ్చుకుంటుంది. గుర్తు రెండుసార్లు పెడితే అడగడం: ఇవి విలువలో సమానమా? మూడుసార్లు పెడితే ఇంకా గట్టిగా అడగడం: ఇవి అచ్చంగా ఒకటేనా?

"మేడం, అడగబోయి పొరపాటున ఒకే గుర్తు పెడితే?"

"చెప్పినట్టవుతుంది. అది నమ్మేస్తుంది. ఆ తర్వాత నువ్వు ఏది అడిగినా ఆ నమ్మకంతోనే జవాబిస్తుంది."

తర్వాత రెండు అనే అంకె రాసి, పక్కనే రెండు రాసి చుక్క పెట్టారు. రెండు గుర్తులతో అడిగితే యంత్రం సమానమే అంటుంది. మూడు గుర్తులతో అడిగితే కాదంటుంది. ఎందుకు? పిల్లలు తలలు గోక్కున్నారు. నౌపడ వైపు నుంచి వచ్చే కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ళవాళ్ళు ఉప్పు మళ్ళలో పనిచేస్తారు. ఆవిడ అతన్ని లేపారు.

"మీ అమ్మ రెండు కొబ్బరికాయలు తెమ్మంది. ఎలా తెస్తావు?"

"లెక్కెట్టి తెత్తాను."

"రెండు కిలోల ఉప్పు తెమ్మంది."

"తూకం ఏయించి తెత్తాను."

"ఆ రెండూ, ఈ రెండూ ఒకటేనా?"

కుర్రాడు ఆలోచించాడు. "కాయల్లో తేడా రాదు మేడం. తూకంలో వత్తాది. మా ఊరి కాటాలో అయితే తప్పకుండా వత్తాది."

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "లెక్కపెట్టిన రెండు వేరు, కొలిచిన రెండు వేరు. చుక్క పెడితే కొలిచిన రెండు. ఈ భాష రాసినవాళ్ళు ఆ తేడా మర్చిపోలేదు" అన్నారు. నేను పేపర్ల కట్ట మూసి పక్కన పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నాను. రెండు అనే మాటలో రెండు రకాలు ఉన్నాయని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైన విషయం మాత్రం మొదట చెప్పిందే. ఆ భాషలో ఇది పెద్దదా, ఇది చిన్నదా, సమానమా అని అడిగితే జవాబులు రెండు కాదు, మూడు. అవును. కాదు. లేదా ప్రశ్న అలాగే తిరిగి రావడం. పోల్చాక ఏం చెయ్యాలో యంత్రానికి చెప్పేటప్పుడు కూడా మూడు దారులు రాయొచ్చు: అవునైతే ఇది చెయ్యి, కాదంటే అది చెయ్యి, ఏదీ తేలకపోతే ఇంకొకటి చెయ్యి. మూడోది రాయకపోయినా యంత్రం ఊరుకుంటుంది. అందుకే చాలామంది రాయరు. ఆవిడ రాయకుండా నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు వదిలేస్తే మార్కులు తీసేసేవారు. "ఇక్కడ తేలకపోవడం ఉండదు మేడం, అన్నీ అంకెలే" అని వాదించేవారు పిల్లలు. "ఇవాళ అన్నీ అంకెలే. రేపు ఎవరో ఒకరు ఒక గడి ఖాళీగా వదిలేస్తారు" అనేవారు ఆవిడ.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎందుకొస్తుందో ఇంకా తేలలేదు. నొప్పి లేకుండా వస్తుంది, మనిషికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పలాసలో ఒక డాక్టరు సాయంతో మా కాలేజీ పిల్లలు సెలవు రోజుల్లో కొన్ని ఊళ్ళకి వెళ్ళి రక్తపరీక్షలు చేయించేవారు. ఫలితాలు కాలేజీకి వచ్చేవి. పరీక్షలో వచ్చే అంకెకి డాక్టరు ఒక హద్దు చెప్పారు. హద్దు దాటినవాళ్ళని ఆయన దగ్గరికి పంపాలి. దాటనివాళ్ళకి ఏమీ లేదని, మరుసటేడు మళ్ళీ చూస్తామని చెప్పాలి. వాళ్ళని విడదీసే ప్రోగ్రాం ఆవిడ రాశారు. అందులో మూడో గుంపు ఒకటి ఉండేది. రక్తం తీసిన గొట్టం పగిలినవాళ్ళు, చీటీ చెరిగినవాళ్ళు, రక్తం ఎండకి పాడైనవాళ్ళు. ఆవిడ వాళ్ళని తేలనివాళ్ళు అనేవారు. వాళ్ళ ఇళ్ళకి ఆదివారం పూట తనే వెళ్ళేవారు.

ఒక వేసవిలో ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు రాలేదు. ఆ పని ఫిజిక్స్ ఆయన చూశారు. మంచి మనిషి. ఏ పని చేసినా నీట్‌గా ఉండాలనుకునే రకం. ఫలితాల మధ్యలో జవాబు తేలని ప్రశ్నలు అలాగే నిలబడి ఉండటం ఆయనకి ఇబ్బందిగా అనిపించింది. ఆ భాషలోనే ఒక ఏర్పాటు ఉంది. అచ్చంగా అవును అని తేలితేనే అవునంటుంది, మిగిలినదానికంతా కాదనేస్తుంది. దాన్ని తెచ్చి ప్రోగ్రాంలో మూడో దారికి బదులు పెట్టారు. పేజీ శుభ్రంగా వచ్చింది. హద్దు దాటినవాళ్ళు, దాటనివాళ్ళు. పిల్లలు ఊళ్ళకి వెళ్ళి దాటనివాళ్ళకి ఏమీ లేదని చెప్పి వచ్చారు.

ఆవిడ నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"తేలనివాళ్ళేరండీ?"

"ఈసారి ఎవరూ లేరు మేడం. అందరివీ తేలిపోయాయి."

"ఉద్దానంలోనా? ఈ ఎండల్లోనా?"

కుర్చీ లాక్కొని ప్రోగ్రాం తెరిచారు. ఎక్కువసేపు పట్టలేదు. ఫిజిక్స్ ఆయనకి అప్పటికే అర్థమై మొహం వాడిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"హద్దు దాటారని మనకి తెలియదు. నిజమే. దాటలేదని కూడా తెలియదు కదండీ. ఇది ఆ రెండిటినీ ఒకటి చేసేసింది."

ఆదివారం ఊళ్ళు పంచుకున్నారు. కొన్నిటికి ఫిజిక్స్ ఆయన బయల్దేరారు. సముద్రం వైపు ఊళ్ళకి ఆవిడ, డాక్టరు పంపిన నర్సు వెళ్తూ ఆటోలో చోటుందని నన్ను రమ్మన్నారు. వెళ్ళాను.

జీడితోటల మధ్య ఇసుక దారి. చివరి ఇల్లు కొబ్బరి దింపే ఒకాయనది. ఆయన భార్య పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్తుంది. ఇద్దరి రక్తమూ ఒకే పెట్టెలో పాడైంది. మేం వెళ్ళేసరికి ఆయన దింపిన కాయలు కుప్ప పోస్తున్నాడు. ఆవిడ తన ఊరి పేరు చెప్పగానే నిమిషంలో వరసలు కలిసిపోయాయి. ఆయన బావ, ఆయన భార్య అప్ప, ఈవిడ మరదలు.

"మీ పిల్లలొచ్చి సెప్పినారు గదా మరదలా, ఏటీ నేదని. మల్లా ఏటి?"

"ఆళ్ళు సెప్పింది తప్పు బావా."

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉంది. "అంటే ఉన్నాదా?"

"ఉన్నాదని నాను సెప్పలేదు."

"మరి నేదా?"

"నేదనీ సెప్పలేదు."

ఆయన నావైపు తిరిగాడు. "ఏటి సారూ ఈ మనిసి? ఉంటే ఉన్నాదనాల, నేకపోతే నేదనాల. మజ్జిలో ఇదేటి?"

"మజ్జిలో తెలీదని ఒకటి ఉంటాది బావా. మీ రత్తం ఎండకి పాడైపోనాది. మేం సూళ్ళేదు. సూడకుండా నేదని సెప్పేసినాం."

అప్పటిదాకా ఆయనది వేళాకోళమే. ఇప్పుడు మొహం మారింది. "మా అన్న దీనితోటే పోనాడు. ఆ పిల్లలొచ్చి సెప్పినకాడ్నుంచే సుకంగా నిద్దరోతన్నాను. ఇప్పుడు దాన్ని లాగీసుకోడానికొచ్చినావా?"

ఇలాంటి చోట మనం ఏదో ఒకటి సర్దిచెబుతాం. అబ్బే, ఊరికే ఇంకోసారి చూద్దామని, నీకేం ఉండదులే అంటాం. నేను అదే అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు.

"అవును బావా. దానికే వచ్చినాను. ఇయ్యకూడని మాట ఇచ్చేసినాం. ఎనక్కి తీసుకుంటన్నాను."

ఆయన కాయ నేలకేసి కొట్టాడు. నడుముకి తాడు బిగించుకొని, ఎదురుగా ఉన్న చెట్టు ఎక్కేశాడు. పైనుంచి అరిచాడు. "మల్లా సూది గుచ్చనిత్తే ఒట్టు! పొండి!"

ఆవిడ చెట్టు కింద ఇసుకలో కూర్చున్నారు. కంటికి ఎండ తగలకూడదని డాక్టర్లు చెప్పారు. కొంగు నెత్తిన వేసుకొని అలాగే కూర్చున్నారు. నర్సు గడియారం చూసుకుంది, ఐసు కరిగిపోతోందంది. అంతవరకూ గుమ్మంలో నిలబడిన ఆయన భార్య వచ్చి మా ఎదురుగా కూర్చొని చెయ్యి చాపింది.

"ముందు నాకు తియ్యమ్మా. ఆడు దిగుతాడు. సెట్టు మీదే కాపరం సేత్తాడేటి?"

పైనుంచి, "నాకినబడతంది!" అని కేక వచ్చింది.

"ఇనబడాలనే అన్నాను!"

ఆమె రక్తం తీసి చీటీ అంటించాక కాసేపటికి ఆయన దిగాడు. ఎందుకు దిగాడో ఎవరూ అడగలేదు. మా అందరికీ బొండాలు కొట్టి ఇచ్చాడు. తనది తాగి, మూతి తుడుచుకొని, మొహం అటు తిప్పి చెయ్యి ఇటు చాపాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను. "ఆయన అంత మాట అన్నప్పుడు మీకు కష్టంగా అనిపించలేదా?"

అరచేతిని ఒళ్ళో పెట్టుకొని చూశారు. "ఇంకా చూసుకోలేదు సార్" అన్నారు.

ఫలితాలు వచ్చినరోజు స్టాఫ్ రూం నుంచే ఫోను చేశారు. ఆయన హద్దు దాటలేదు. అవతలి గొంతు మాకందరికీ వినిపించింది.

"సూసినావా? నాకేటీ నేదని నానప్పుడే అన్నాను. నా మాటే నిజమైనాది!"

"ఇప్పుడు నిజమైంది బావా. ఆదివారం నాడు కాదు." రెండో చీటీ ముందుకి లాక్కున్నారు. "ఫోను అప్పకియ్యి."

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత ఆమె గొంతు వచ్చింది. ఆవిడ దాచలేదు, పెంచలేదు. హద్దు దాటింది, కొంచెమే దాటింది, రేపు పలాస వచ్చి డాక్టరుకి చూపించుకోవాలి, నేనూ వస్తాను అన్నారు. ఆమె ఒక్కటే అడిగింది. "పనికెల్లొచ్చా?" ఆవిడ దానికీ తొందరపడలేదు. "అది డాక్టరుగార్ని అడగాల అప్పా. నాకు తెలీదు."

వెళ్ళొచ్చు అన్నారు డాక్టరు. బాగా ముందుగా దొరికిందని కూడా అన్నారు. ఆమె ఈరోజు కూడా మందులు వేసుకొని పనికి వెళ్తోంది. చెట్టెక్కినాయనే నెలనెలా దగ్గరుండి పలాస తీసుకెళ్తాడు.

తెలిసినదాన్ని ధైర్యంగా చెప్పేవాళ్ళని నేను చూశాను, వాళ్ళ గురించి చదివాను కూడా. తెలియనిదాన్ని, ఎదుటి మనిషి ఏడవబోతున్నా, కోప్పడుతున్నా, ఏదో ఒక వైపుకి ఒరిగిపోకుండా తెలియనిదిగానే పట్టుకొని అలా కూర్చోగలిగిన మనిషిని ఈ ఒక్కావిడనే చూశాను. అది నాకు చేతకాదు. ఆవిడ దాన్ని గుణం అనుకోలేదు. ప్రోగ్రాంలో రాయాల్సిన ఒక వరుస అనుకున్నారు, అంతే.

గుండెపోటుతో పోయారు. అంత్యక్రియలకి ఆ భార్యాభర్తలు బస్సులో వచ్చారు. ఆయన గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె లోపలికి వచ్చి చూసి, బయటికొచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఆదివారం మరెవలొత్తారు సారూ?"

నాకు తెలియదన్నాను.

ఊళ్ళలో రక్తపరీక్షలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఫిజిక్స్ ఆయన అప్పుడే ఆ మూడో దారిని తిరిగి ప్రోగ్రాంలో పెట్టారు. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. హద్దు దాటినవాళ్ళకి డాక్టరు దగ్గర్నుంచి ఫోను వస్తుంది. దాటనివాళ్ళకి పిల్లలు కబురు చెబుతారు. తేలనివాళ్ళ పేర్లు యంత్రం ప్రతిసారీ విడిగా చూపిస్తుంది. వాళ్ళ ఇళ్ళకి ఎవరూ వెళ్ళడం లేదు.